గురిగిల దాసిన పాలు

నాకు మొదటి బిడ్డ పుట్టిన ఎండకాలమే దొర గడీల వెట్టికి పిలిచిండ్రు. కూలి లేని పని, కాదనే నోరు మాకు లేదు. పిల్లను తేవద్దన్నరు. పొద్దుగాల పాలు పిండి చిన్న మట్టి గురిగిల పోసి, తడిబట్ట కప్పి, నీళ్ల కుండ కింది తడి ఇసుకల పెట్టి పోయేదాన్ని. అత్త ఉగ్గుగిన్నెతోని తాపేది. ఎంత కాపాడినా గా ఎండలకు పగటికల్ల పులిసిపోయేటియి. కాస్తె ఆగుతుండెనేమో గని, తల్లిపాలు పొయ్యి మీద పెడితె రొమ్ము ఎండిపోతదని అత్త పెట్టనియ్యకపోయేది.

గడీల నా పనేందంటె, వట్టివేళ్ల తడికెలకు నీళ్లు కొట్టుడు. ఆ తడికెల ఎనుక అర్రల దొరసాని పాలకుండలు సల్లగ ఉండేటియి. నా బిడ్డ పాలు ఇంట్ల పులుస్తుంటె, నేను గీ కుండలకు సలువ జేస్తున్న! కడుపు మండింది. ఒకనాడు గురిగి కొంగుల దాసుకపోయిన. పగటీలి రొమ్ములు గడ్డ కడితె అండ్ల పిండి, ఆ కుండల నడుమ పెట్టిన. పొద్దుమీకి గడీ దర్వాజ తీసి మమ్ముల ఇడిసినంక వాసన జూస్తె జరంత గూడ పులువలేదు. గెలిసినట్టే ఇంటికి ఉరికిన.

అత్త గురిగి అందుకోని వాసన జూసింది.

"మంచిగనే ఉన్నయ్ బిడ్డా. గని నువ్వే అచ్చినవ్ గద, గీ పాలు ఎవలికి?"

తల్లిపాలు కాళ్ల కింద పడొద్దంటరు. అందుకని గోడకు పోసిన. తెల్లారి మళ్ల తడికెలకు నీళ్లు కొట్టవోయిన.