మార్కండేయ నక్షా, శివన్న సంతకం

నాందేడులో ఇంజినీరు కావడానికి పెద్దగా కష్టపడనక్కరలేదు. చుట్టిన కాగితం ఒకటి చంకలో పెట్టుకుని బజారులో నడిస్తే చాలు. బోరు వేసేవాడు ఇంజినీరే, డిష్ యాంటెన్నా తిప్పేవాడు ఇంజినీరే, కిటికీ పెట్టాల్సిన చోట తలుపు పెట్టే మేస్త్రీ కూడా 'ఇంజినీర్ సాబే'. ఇంతమంది మధ్య నిజంగానే కాలేజీకి పోయి ఎలక్ట్రికల్ డిగ్రీ తెచ్చుకున్న మార్కండేయకు ఆ పిలుపు వింటేనే ఒళ్లు మండేది. తనను పిలిచినా మండేది. టీ కొట్టువాడు తననూ డిష్‌వాడినీ ఒకే గొంతుతో పిలుస్తాడని ఆయన బాధ.

మార్కండేయ సొంతూరు మర్ఖేల్. నాందేడులో ఒక గది అద్దెకు తీసుకుని, మిల్లులకు కరెంటు లైన్ల నక్షాలు గీసి ఇచ్చేవాడు. గది ముందు బోర్డు మీద పేరూ డిగ్రీ మరాఠీలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించాడు. ఒకరు కాకపోతే ఒకరైనా చదువుతారని ఆశ. ఎవరూ చదవలేదు. లోపలికి వచ్చిన వాళ్లలో సగం మంది ఫ్యాన్ రిపేరు చేస్తావా అని అడిగేవాళ్లు.

నక్షా గీయడానికి డిగ్రీ చాలు. కాని దాన్ని కరెంటాఫీసులో పెట్టాలంటే లైసెన్సు నంబరు ఉండాలి. దరఖాస్తు పెట్టుకుంటే ఆయనకు వచ్చేదే. అయితే వైర్మన్లతో పాటు వరుసలో నిలబడి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. "డిగ్రీ ఉన్నోన్ని పట్టుకొని నీకు కరెంటు తెలుసా అని అడుగుతరా? నేను నిలవడ" అని భీష్మించుకు కూర్చున్నాడు. భార్య వనమాల చెప్పిచెప్పి విసిగిపోయింది.

"రేషన్ దుకాణంల నిలవడ్తవు, సినిమా టికెట్‌కు నిలవడ్తవు. గీడనే ఏమచ్చె నీకు?" అనేది.

ఆ మాటకు ఆయనకు కోపం వచ్చేది.

రెండువేల సంవత్సరం దాటాక, కుండల్‌వాడి నుంచి పార్వతీబాయి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. భర్త పోయిన తర్వాత చిన్న పిండిగిర్నిని పప్పుమిల్లుగా పెంచిన మనిషి. కొడుకు గజానన్ లారీలకు బస్తాలు ఎత్తించే పని చూసుకునేవాడు. కొత్త యంత్రాలకు మిల్లు దగ్గరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడిదాకా పెద్ద లైను లాగాలి. మార్కండేయ పోయి చూసి, లైను మిల్లు వెనక వాగు పక్కనుంచి వచ్చేలా నక్షా గీశాడు. కాగితం కింద పేరు కోసం గీసే పెట్టెలో తన పేరు, పేరు పక్కన డిగ్రీ, కాస్త లావు అక్షరాలతోనే రాశాడు.

నాందేడు కరెంటాఫీసులో జ్ఞానేశ్వర్ అనే ఇంజినీరు ఆ నక్షాను అటూ ఇటూ తిప్పాడు.

"మిల్లు ముంగటికెల్లి తెస్తె రెండు స్తంభాలు తక్కువైతయి గదా! వెనకకెల్లి ఎందుకు తిప్పుతున్నవు?"

"ముంగట లారీలు నింపుతరు సాబ్. బస్తాల మీద మనిషి నిలవడ్తడు. మీ తీగ ఆయన నెత్తి మీదికెల్లి పోతది."

"రూల్ ప్రకారం ఎత్తు ఉంటది."

"రూల్ రాసినోడు కింద నిలవడి రాసిండు సాబ్."

జ్ఞానేశ్వర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, నీ నంబరేది?"

"నేను బి.ఇ."

"గది డిగ్రీ. నేను అడిగింది నంబరు."

ఆ రోజు నుంచి ఆ నక్షా బల్లల మీద తిరగడం మొదలుపెట్టింది. ఉత్తర దిక్కు గుర్తు చిన్నగా ఉందని ఒకసారి వెనక్కి వచ్చింది. పెద్దగా గీసి ఇస్తే, మరీ పెద్దగా ఉందని వచ్చింది. మడత సరిగ్గా లేదని ఒకసారి వచ్చింది. ప్రతిసారీ పార్వతీబాయి సంతకం కోసం మార్కండేయ కుండల్‌వాడి జీపుల్లో తిరిగి తిరిగి నడుము నొప్పి తెచ్చుకున్నాడు. పార్వతీబాయి కొత్త యంత్రాలు గోనెపట్టాల కింద పడి ఉన్నాయి. కంది పంట మార్కెట్‌కు రాబోతోంది.

చివరికి ఒకరోజు జ్ఞానేశ్వరే ఆయన్ను టీకి పిలిచాడు.

"మార్కండేయా, నువ్వు చదువుకున్నోనివి. మా ఆఫీసుల సల్లాగార్ అభియంతా అని నీ పేరు రాయిస్త. సలహాలిచ్చే ఇంజినీరువన్నట్టు. బోర్డు మీద కూడ పేరుంటది. నంబరు సంగతి నేను చూసుకుంట. లైను మాత్రం ముంగటికెల్లి రానియ్యి. నా దగ్గర స్తంభాలు లేవు."

మార్కండేయకు నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. ఇన్నేళ్లుగా ఏ నోటి నుంచి వినాలనుకున్నాడో ఆ నోరే ఆయన్ను ఇంజినీరంటోంది. రేపు చెప్తానని లేచి, ఎందుకో ఇంటికి పోకుండా కుండల్‌వాడి జీపెక్కాడు.

మిల్లు ముందు లారీ నింపుతున్నారు. బస్తాల మీద, అన్నిటికంటే పైన, గజానన్ నిలబడి ఉన్నాడు. ఒళ్లు విరుచుకుంటూ రెండు చేతులూ పైకి చాపాడు. మార్కండేయ జీపు దిగకుండానే వెనక్కి వచ్చేశాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు, జ్ఞానేశ్వర్‌ను కూడా తిట్టాడు. నాందేడు చేరగానే నేరుగా శివన్న దగ్గరికి పోయాడు.

శివన్నకు లైసెన్సు ఉంది. ఆయన ఆఫీసు బస్టాండు దగ్గరి టీ కొట్టు, ముద్ర ఆయన చొక్కా జేబులో ఉంటుంది. ఊళ్లో సగం మిల్లుల నక్షాల మీద ఆయన సంతకమే. దేన్నీ చదివేవాడు కాదు. చదివితే అనుమానాలొస్తాయనేవాడు. నంబరూ లేదు, రెండు స్తంభాలూ తక్కువని మార్కండేయ చెప్పగానే జేబులోంచి ముద్ర తీశాడు.

"స్తంభాలు కూడ నేనే తెస్త సాబ్, నా గోదాంల ఉన్నయి. గని కాయితం మీద నా పేరొక్కటే ఉండాలె. రెండు పేర్లుంటే ఆఫీసోళ్లకు తల తిరుగుతది."

ట్రేసింగ్ కాగితం మీద సిరా రబ్బరుతో పోదు, బ్లేడుతో గీకాలి. కాలేజీ రోజుల్లో మార్కండేయ తప్పుడు గీతల్ని అలా తీసేవాడు. ఆ టీ కొట్టు బల్ల మీద తన పేరు గీకాడు, డిగ్రీ గీకాడు. చాలా బాధ కలిగింది. కాగితం మాత్రం చిరగలేదు. శివన్న ఆ జాగాలో ముద్ర కొట్టి, ఇంకో టీ చెప్పాడు.

ఆ వారంలోనే మంజూరైంది. ఉత్తర దిక్కు గుర్తును ఈసారి ఎవరూ కొలవలేదు. జ్ఞానేశ్వర్ మార్కండేయను పిలిచి మరీ ఆ నక్షా చూపించాడు.

"సూడు, నేర్చుకో. లైసెన్సున్నోడు గీస్తె గిట్లుంటది!"

మార్కండేయ చూశాడు. బాగుందన్నాడు.

కొత్త లైనులోకి కరెంటు వదిలే రోజు పార్వతీబాయి మిల్లు ముందు చిన్న షామియానా వేయించింది. ఆ వైపు ఏ మంచి పని జరిగినా శాలువా, కొబ్బరికాయ ఇచ్చి సత్కారం చేయాల్సిందే. ఎవరికి చేయాలో కాగితం చూసి పేరు పిలుస్తారు. జ్ఞానేశ్వర్‌కు శాలువా కప్పారు, శివన్నకు శాలువా కప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ మిల్లు వెనక ఉందని శివన్నకు అక్కడికి వచ్చాకే తెలిసింది. అయినా, లైను వెనకనుంచి తేవాలన్న ఆలోచన తనకెలా తట్టిందో నాలుగు ముక్కలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. మార్కండేయ కూడా కొట్టాడు.

భోజనాలయ్యాక పార్వతీబాయి ఆయన్ను పక్కకు పిలిచింది.

"కోపం చెయ్యకు తమ్మీ. ఇన్ని దినాలు నిన్ను నమ్ముకొని కూసున్న. శివన్న వారంల చేసి చూపిచ్చిండు. నీకు రాకుంటె రాదని ముందే చెప్పొద్దా?"

నక్షా తనదేనని మార్కండేయ చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

"ఓ కాకా, జర పక్కకు!" అని పైనుంచి కేక వినిపించింది. బస్తాలు నిండిన లారీ మీద గజానన్ మోకు చుట్టి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మార్కండేయ తలెత్తి చూసి పక్కకు జరిగాడు. గజానన్ బలమంతా పెట్టి మోకు విసిరాడు. అది ఏ తీగకూ తగలకుండా ఆకాశంలోకి ఎత్తుగా లేచి, అవతలి పక్కన నేల మీద పడింది.

"ఔ అక్కా," అన్నాడు మార్కండేయ, "నాకు రాలే."