సడ్డకుడి బండికి లేనిది

ఆలేరులో ముజఫ్ఫర్‌కు టెంట్‌హౌస్ ఉంది. అతని పందిరి పైపులు, కుర్చీలు, వంట గిన్నెలు పెళ్లిళ్లకు మోసేది సైదులు, తన పాత ట్రాలీ ఆటోలో. ఊళ్లు పట్టుకుని తిరిగే నాకు ఆ కుర్చీల మధ్య ఎప్పుడూ ఇంత జాగా దొరికేది. అందుకే అతని సంగతులు నాకు తెలుసు.

ఆటో ముసలిదైంది. ముజఫ్ఫర్ ఒకరోజు తేల్చేశాడు.

"సైదులూ, మూఢం పొయ్యేలోపల జర పెద్ద బండి తెచ్చుకో. సీజన్ మొత్తం కిరాయి నీదే. లేకుంటే భువనగిరి బండ్లు మాట్లాడుకుంట. పైపులు పదడుగులయి, యాదిల పెట్టుకో."

యాదిలో పెట్టుకునేవాడే. కానీ ఆ వారమే అతని సడ్డకుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు అంజయ్య, షాద్‌నగర్ నుంచి కొత్త పికప్‌లో అత్తగారింటికి వచ్చాడు. అంజయ్య అక్కడ ఫ్యాక్టరీలకు మంచినీళ్ల క్యాన్లు వేస్తాడు. బండికి వెనుక కూడా సీటు, ఏసీ, మెరిసే అల్లాయ్ చక్రాలు. అత్త కృష్ణమ్మ ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి దిగింది.

"ఫ్రిజ్‌ల కూసున్నట్టున్నది బిడ్డా! మా పెద్దల్లుని ఆటో ఎక్కితే నడుము నాది గాకుంట పోతది."

అందరూ నవ్వారు. విందుకు వచ్చిన సైదులు నోట్లో పెట్టుకున్న కోడిముక్కను చాలాసేపు నములుతూనే ఉన్నాడు.

బండ్లలో మోడళ్లు ఇవాళ పుట్టినవి కావు. ఎడ్ల కాలంలోనూ ఒట్టి బండి వేరు, గూడు కట్టిన బండి వేరు, దొరలెక్కే కచ్చురం వేరు. ఒంటెల దేశాల్లో జీనుకు వేలాడే కుచ్చుల దగ్గర అన్నదమ్ములు మాటలు మానుకున్నారని ఎక్కడో చదివాను. ఆ కుచ్చులు ఏం మోశాయో రాసినవాడు చెప్పలేదు. సరే, మన సైదులు దగ్గరికి వద్దాం.

భువనగిరి షోరూంకి భార్య పుష్పను తీసుకుని వెళ్లాడు. అక్కడ బండ్లు చూపించే అమ్మాయి సుచరిత ఓపిగ్గా చెప్పింది.

"బేస్ మోడల్‌కు డబ్బా పొడుగన్నా, పదడుగుల సామాను పడ్తది. ఏసీ ఉండదు. నడిమి దాంట్ల డబ్బా అంతే, ఏసీ గూడ వస్తది."

"మా సడ్డకునిది ఏది?"

"మీ సడ్డకుడు నాకెట్ల తెలుస్తడన్నా?"

"ఎనక సీటున్నది. చక్రాలు మెరుస్తయ్."

"అయితే టాప్ మోడల్. దాంట్ల మనుషులకు జాగా ఎక్కువ, సామానుకు తక్కువ. మీరేం ఏస్తరు?"

"పైపులు," అంది పుష్ప. "నడిమిది తీస్కుందాం. ఏసీ ఉన్నది గద."

సైదులు చెవికి ఆ మాట ఎక్కలేదు. "టాప్ మోడలే. ఆయనకు లేనిది ఇంకేమన్న పెడ్తరా?"

"ఎనక కెమెరా పెట్టియ్యొచ్చు."

"పెట్టుండ్రి."

"ముంగట సూసి నడుపు ముందుగాల," అంది పుష్ప.

యాదగిరిగుట్టలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. కృష్ణమ్మ వెనుక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. పిలుపందుకుని వచ్చిన అంజయ్య బండి చుట్టూ తిరిగి వెనుక ఆగిపోయాడు.

"గిదేందన్నా?"

"కెమెరా. నీ దానికి లేదా? అయ్యో!"

ఆ పూట పులిహోర ఇద్దరల్లుళ్లలో ఒక్కడికే రుచించింది.

మూఢం పోయింది. ముజఫ్ఫర్ మనుషులు పైపులు ఎక్కిస్తే సగానికి సగం బయటే వేలాడాయి. తాళ్లు బిగించి, ఎర్ర గుడ్డ కట్టి బయల్దేరితే మొదటి మలుపులోనే ఒక మిర్చిబజ్జీల కొట్టు రేకు ఊడొచ్చింది.

"పైపులను ఏసీల కూసోబెడ్తవా భాయ్?" అన్నాడు ముజఫ్ఫర్. "ఎల్లుండి కొలనుపాక పెండ్లి. సామాను ఒక్క ట్రిప్పుల పోవాలె. పోకుంటే ఇంకో బండి పిలుస్త, ఏమనుకోకు."

ఆ సాయంత్రమే బండి వెల్డింగ్ షాపుకు చేరింది. క్యాబిన్ మీదుగా వెనుకదాకా ఇనుప చట్రం వేయాలి, పైపులు దానిమీద పడుకుంటాయి. మెరిసే కొత్త రేకుకు రంధ్రం పెడుతుంటే సైదులు మొహం తిప్పుకున్నాడు. నిప్పురవ్వలు పడకుండా పుష్ప అద్దాల మీద తడి గోనెసంచులు కప్పింది. చట్రం వెనుక కాలు సరిగ్గా కెమెరాకు ఎదురుగా వచ్చింది. అప్పటినుంచి తెర మీద ఆ కాలు తప్ప ఇంకేం కనిపించదు.

కొలనుపాక సామాను ఒక్క ట్రిప్పులో పోయింది, కిరాయి నిలబడింది. అయినా సైదులు మొహంలో కళ లేదు. బండి మంచం మోస్తున్న బర్రెలా ఉందని అతనే అన్నాడు. అప్పుడే అంజయ్య ఫోన్ చేశాడు.

"అన్నా, బండి మీద ఏదో పెట్టిచ్చినవంట, అత్త జెప్పింది. కంపెనీదేనా?"

సైదులు చట్రాన్ని చేత్తో తట్టాడు. "అందరికియ్యరు. అడిగినోళ్లకే."

మళ్లీ నేను సైదులుతో బండెక్కినప్పుడు వెనుక సీట్లో పుష్ప ఉంది, చట్రం మీద జనగామ పెళ్లి పైపులున్నాయి. ఆమె ఫోన్‌కు చెల్లెలు ఫొటో పంపింది. అంజయ్య బండి మీద కూడా చట్రం! నీళ్ల క్యాన్లకు చట్రమెందుకో ఎవరూ అడిగినట్టు లేదు. పైగా వెండి రంగు. సైదులు బండి పక్కకు ఆపి, ఫోన్ లాక్కుని, రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు.

"నిచ్చెన గూడ పెట్టిచ్చిండే!"

"పెట్టిచ్చుకోనీ. నీకెందుకు నిచ్చెన? ఎక్కి ఏం జేస్తవ్?"

"ఎక్కుత."

ఇంతలో అతని ఫోన్ మోగింది. ముజఫ్ఫర్. జనగామలో పందిరి వేసేవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఫోన్ మోగుతూనే ఉంది. సైదులు పైపులతో సహా బండిని వెనక్కి, వెల్డింగ్ షాపున్న సందులోకి తిప్పాడు.