లా లగూనా యాస

ఢిల్లీ మునిర్కాలో నేనున్న గదికి కిటికీ ఉండేది కానీ, తీస్తే పక్కింటి గోడే చేతికి తగిలేది. ఆ గదిలో కూర్చుని రెండేళ్లు స్పానిష్ చదివాను. మాది అనంతపురం జిల్లా. మునిర్కా దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో ఎం.ఏ. సీటు రావడంతో ఢిల్లీ చేరాను.

మాకు మాట్లాడటం నేర్పిన మేడమ్‌ది లా లగూనా అనే ఊరు. "మ్యాపులో స్పెయిన్ దగ్గర వెతక్కండి, ఆఫ్రికా పక్కకు రండి" అని మొదటిరోజే చెప్పారు. అక్కడ, అట్లాంటిక్ సముద్రంలో, తెనెరీఫె అనే దీవి ఉంది. ఊరు సముద్రపొడ్డున కాదు, పైన గట్టు మీద. స్పెయిన్ వాళ్లు అక్కడి గ్వాంచె జనాన్ని గెలిచాక ఐదువందల ఏళ్ల కిందట కట్టారట. కోటగోడ లేదు. ముందే గీసుకున్న పటం ప్రకారం తిన్నని వీధులు వేశారు. అమెరికా ఖండంలో ఆ తర్వాత వాళ్లు కట్టిన చాలా ఊళ్లకు అదే నమూనా అయిందని మేడమ్ గర్వంగా చెప్పేవారు. లగూనా అంటే మడుగు. మడుగు ఎండగట్టి రెండువందల ఏళ్లు కావస్తోంది, పేరు మాత్రం అలాగే ఉంది.

ఒకసారి సెలవుల నుంచి వస్తూ గోఫియో అనే పిండి పొట్లం తెచ్చారు. వేయించిన ధాన్యం పిండి. వాసన చూడగానే మా పేలపిండే అనిపించి బెల్లం కలుపుకుని తిన్నాను. జూన్‌లో వాళ్ల పండక్కి వీధుల నిండా పూలరెక్కలతో బొమ్మలు పరుస్తారని ఫోటోలు చూపించారు. నేను మా అమ్మ వేసిన ముగ్గులు చూపించాను.

"ఇంతసేపు కష్టపడి వేసి, దానిమీద నడుస్తారా?" అని అడిగారు.

"మీ వాళ్లు కూడా ఊరేగింపుగా నడుస్తారు కదా మేడమ్" అన్నాను. నిజమేనని ఒప్పుకున్నారు.

ఆవిడ మాటలో పదం చివరి 'స్' సగం గాలిలో కలిసిపోయేది. థాంక్స్ చెప్పడానికి గ్రాసియాస్ అనరు, గ్రాసియా అంటారు. బస్సును 'గ్వాగ్వా' అంటారు. మేమూ అలాగే నేర్చుకున్నాం. "ఇది తప్పు కాదు, మా ఊరి మాట" అని ముందే చెప్పారు. రెండేళ్ల ఒప్పందం అయిపోయాక ఆవిడ తిరిగి వెళ్లిపోయారు.

నాకు నోయిడాలో ఉద్యోగం దొరికింది. స్పెయిన్ ప్రయాణికులకు విమాన టికెట్లు అమ్మే కంపెనీలో ఫోన్ల దగ్గర. ఇంటర్వ్యూ చేసిన ఢిల్లీ ఆయన స్పెయిన్‌లో ఏదైనా ఊరి గురించి మాట్లాడమన్నాడు. లా లగూనా వీధులు, చెక్క బాల్కనీలు, సముద్రం మీదినుంచి ఇళ్ల మధ్యకు దిగే మబ్బు, అన్నీ చెప్పాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన లాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు.

"ఫ్లుయెన్సీ అచ్ఛా హై. కానీ మీ ఎస్‌లన్నీ ఎక్కడికి పోయాయి?"

"ఆ దీవుల్లో అలాగే మాట్లాడతారు సార్."

"మన కస్టమర్లందరూ దీవుల్లో ఉండరు కదా."

ఉద్యోగం ఇచ్చారు, యాస పోగొట్టే ఆరు వారాల ట్రైనింగ్‌తో కలిపి. అప్పటికి ఢిల్లీని ఆనుకునే ఉన్న వైశాలికి మారాను. అక్కడ నాతో ఫ్లాట్‌లో ఉన్న గుంటూరు అక్క సాఫ్ట్‌వేర్‌లో చేసేది. ఒకరోజు బయల్దేరుతూ, "ఈపొద్దు లేటుగా వస్తాక్కా, ట్రైనింగ్ జరుగుతాండాది" అన్నాను.

"జరుగుతాండాది ఏంటమ్మా, జరుగుతోంది అనొచ్చుగా" అని నవ్వింది.

ఆమె ఎప్పుడూ అలా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఆరోజు మాత్రం తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయాను. మెట్రోలో నోయిడా దాకా ఉడికిపోతూనే ఉన్నాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. మాడ్రిడ్ నుంచి ఆవిడ ఎక్కిన విమానం లా లగూనా పక్కనే ఉన్న విమానాశ్రయంలో దిగాలి. పొగమంచు వల్ల దీవికి ఆ చివర, దక్షిణాన ఉన్న విమానాశ్రయంలో దింపారు. గ్వాగ్వా ఎక్కడ దొరుకుతుందని అడుగుతోంది. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో కనుక్కోమని చెప్పి పెట్టేయాలి, మాకిచ్చిన స్క్రిప్టు అంతే. నేను పెట్టేయలేదు. ఉత్తరానికి వెళ్లే గ్వాగ్వా వేళలు వెతికి చెప్పాను. మాట్లాడుతుంటే నా ఎస్‌లు వాటంతటవే జారిపోయాయి.

"ఏ వీధి పిల్లవమ్మా నువ్వు?" అని అడిగింది.

"నేను ఢిల్లీలో ఉన్నానండి."

ఆవిడ నవ్వడం వినిపించింది. పెట్టేసేముందు చాలా మంచి రేటింగ్ ఇచ్చింది.

వారం తర్వాత నన్ను గదిలోకి పిలిచారు. ఆ కాల్ రికార్డింగ్ విని మార్కులు వేశారు. ఉచ్చారణకు సున్నా, పదాలకు సున్నా. ఇంటర్వ్యూ చేసినాయనే ఎదురుగా కూర్చున్నాడు.

"గ్వాగ్వా అంటే ఏమిటి? అలాంటి పదం లేదు."

ఫోన్‌లో స్పానిష్ నిఘంటువు తెరిచి ఆయన ముందు పెట్టాను. నిదానంగా చదివాడు.

"ఠీక్ హై, ఉంది. మన లిస్టులో లేదు కదా."

"కస్టమర్ అదే మాట వాడింది సార్. ఆవిడ మంచి రేటింగే ఇచ్చింది."

"అది మార్కుల షీటులో వేరే కాలమ్" అన్నాడు.

నాకు అరవాలనిపించింది. అరవకుండా పై అధికారులకు మెయిల్ రాశాను. ఆ దీవుల జనం ఎంతమంది మనకు ఫోన్ చేస్తారో చూడండి, వాళ్ల మాటను తప్పుగా లెక్కించకండి అని పేజీన్నర రాశాను. రెండు వారాలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. స్కోరు మారదు. ఇంకో వారం ట్రైనింగ్‌కు హాజరు కావాలి.

కొత్తగా చేరినవాళ్ల మధ్య కూర్చుని గ్వాగ్వాలకు బదులు "లోస్ ఔతోబూసెస్" అని వల్లించాను. ఆ శనివారం మేడమ్‌కు వాయిస్ మెసేజ్ పెట్టబోయాను. మూడుసార్లు రికార్డు చేసి విన్నాను. ప్రతి ఎస్ గంట కొట్టినట్టు వినిపిస్తోంది. తుడిచేసి, జరిగింది టైప్ చేసి పంపాను. "నువ్వు సరిగ్గానే మాట్లాడావు" అని ఆవిడ జవాబిచ్చారు. అప్పటికి అది నాకు సరిపోలేదు. ఆ మాట ఆఫీసులో ఎవరిచేతైనా అనిపించుకోవాలని ఉండేది.

ఎవరూ అనలేదు. ఇంకో ఏడు నెలలు అక్కడే చేసి, అనువాదాల పనికి మారాను. ఇక్కడ నోరు విప్పే అవసరం ఉండదు, అంతా రాతే. ఎదురుగా మాట్లాడేవాళ్లు లేకపోవడంతో నా స్పానిష్ రోజురోజుకూ బిగుసుకుపోతోంది.