ఇత్తడి గిన్నెలో చేపల పులుసు

మొన్న నెల్లూరులో ముప్పావు గంట బేరమాడి, చెప్పిన ధరలో సగానికి మట్టి చట్టి కొన్నాను; నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని ఆటోలో కూర్చుని మురిసిపోయాను కూడా. తేలిగ్గా ఉందేమయ్యా అంటే కొత్త రకం మట్టి అన్నాడు, నమ్మాను. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే అంచు చుర్రుమని వేలు కాల్చింది. మట్టి అంత తొందరగా కాలదే! గీరి చూస్తే ఎర్రరంగు కింద అల్యూమినియం తళుక్కుమంది.

పాత్రల అంగడివాళ్ల ఆడపిల్లకు జరగాల్సిన అవమానమా ఇది? నాయుడుపేటలో మా నాన్న ఏ గిన్నెనైనా వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమనాలి, తోమితే మెరవాలి, కిందపడితే సొట్టపోవాలే గాని పగలకూడదు, పాతబడ్డాక కూడా తక్కెట్లో వేస్తే రేటు పలకాలి. ఆయన దృష్టిలో అదీ లోహమంటే. రాగిని సుత్తితో కొడితే రేకవుతుందని, బొగ్గును, గంధకాన్ని కొడితే పొడవుతుందని బళ్లో పంతులుగారు చెప్పినప్పుడు, ఆ పొడయ్యే జాతిలోకి మట్టిని కూడా తోసేసి, అన్నింటినీ కలిపి నమ్మకూడదని తీర్మానించుకున్నాను.

ఆ అనుమానాన్ని సారెతో పాటు విడవలూరు దగ్గరి అత్తగారింటికి మోసుకెళ్లాను. కాపురానికి వెళ్లిన నెలలోనే మా అత్తగారి అన్న భోజనానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మెచ్చితే వంటిల్లు కొత్తకోడలి చేతికొస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. ముందురోజు సాయంత్రం అత్తగారు మసిబారిన మట్టి చట్టి ఒకటి నా ముందు పెట్టి, "పులుసు దీంట్లోనే కాయి అమ్మాయ్, పులుపుకు ఇత్తడిని నమ్మబాక" అన్నారు. కొట్టి చూశాను, మొద్దు చప్పుడు చేసింది. ఇంత పాతది నాకెందుకిస్తున్నట్టు? అది నా చేతిలో పగలాలి, నా పేరు చెడాలి, వంటిల్లు ఆవిడ దగ్గరే ఉండిపోవాలి. లెక్క తేలిపోయిందనుకుని పుట్టింటి ఇత్తడి గిన్నె దించాను. దానికి కళాయి నేనే సగం కూలికి వేయించాను మరి! సగం కూలికి అతను సగం తగరమే పూసి ఉంటాడని అంత తెలివిగల బుర్రకు తోచలేదు.

చింతపండు, మామిడికాయ పడ్డ వంజరం చేప పులుసు రాత్రంతా ఆ గిన్నెలోనే ఊరింది. మర్నాడు పెద్దాయన విస్తరి ముందు కూర్చున్నాక మూత తీస్తే అంచు చుట్టూ పచ్చటి చిలుము, గుప్పున కనరు వాసన. అత్తగారు గిన్నె లాక్కుని పెరట్లో గుంట తీసి పోసేశారు.

"మా చట్టి నీకేం ద్రోహం చేసిందమ్మా?" అని మాత్రం అన్నారు.

"బిడ్డను ఏమీ అనబాక," అని పెద్దాయన నవ్వాడు, "అంగడోళ్ల పిల్ల గదా, వంజరం చూపించి మజ్జిగన్నానికి బేరం కుదిర్చింది!"

ఏడాది పాటు వంటిల్లు నాకు దక్కలేదు. దక్కిన రోజు అత్తగారు మళ్లీ ఆ చట్టే చేతికిచ్చారు. ఆవిడ పోయాక కూడా ఎన్నో ఏళ్లు అది నా పొయ్యి మీదే ఉంది. పోయిన నెల జారి పగిలింది, అందుకే ఈ కొత్త చట్టి బేరం. మన రోజుల్లో ఇత్తడికి బంగారు పూత పూసి మోసగించేవాళ్లు. ఇప్పుడు లోహమే మట్టి వేషం కట్టుకుని అంగట్లో కూర్చుంటే, ఇక దేన్ని కొట్టి చూసి ఏం లాభం?

సరే, లెక్క దాచను. మిగిలింది సగం కళాయి కూలి. పోయింది ఒక వంజరం, పులుసులో పడ్డ మామిడికాయలు, ఏడాది వంటిల్లు, ఆవిడను అనుమానంగా చూసిన రోజులన్నీ. అల్యూమినియం చట్టిని నిన్న పాతసామాన్ల బండిలో వేస్తే తూకానికి ఏదో ఇచ్చాడు. పక్కనున్న అత్తగారి మట్టి చట్టి పెంకులు చూసి, "వీటికేం రాదక్కా" అన్నాడు. తెలుసు నాయనా అని, వాటిని మళ్లీ లోపలికి తెచ్చుకున్నాను.