పెద్దలకు చేయూత

డ్రాయింగు మాస్టరునై ఉండీ తెలివితక్కువ పని చేశాను. మంచుదేశపు సంచార జనం వాల్రస్ అనే సముద్రజంతువు కోరతో చెక్కుకున్న పూర్వీకుల బొమ్మలు పత్రికలో వచ్చాయి. వాటికి చేతుల్లేవు. విరిగిపోయాయనుకుని, మర్నాడు తరగతిలో చూపించడానికి, చిత్తూరు బస్సులో కూర్చుని పెన్సిలుతో ఆ పెద్దలకు చేయూతనిచ్చాను.

సంచినిండా చెక్కబొమ్మలున్న తిరుపతి ముసలాయన పక్కనుంచి తొంగిచూశాడు. సంగతి చెప్పాను.

"విరిగిన గుర్తు యాడుండాది అయ్యోరూ? భుజం నున్నగుండాదే, సూడు! పెద్దోళ్లను మూటలో పెట్టుకోని మంచులో తిరిగేటోళ్లు చేతులు చాపి చెక్కతారా? తగిలి విరగవూ?"

బస్సంతా నవ్వింది. చేతుల్లేని బొమ్మల ముందు నేను చేతులెత్తేశాను, రబ్బరుతో గీతలన్నీ చెరిపేశాను. ఆయన పాకాలలో దిగిపోయాడు.

ఆ మాట నేనే కనిపెట్టినట్టు ఇరవయ్యేళ్లు పిల్లలకు పాఠం చెప్పి పగ తీర్చుకున్నాను.