పాట ఆపించిన పైకప్పు

ఎండలోనూ వానలోనూ నన్ను కప్పి కాపాడిన తండ్రికి స్తోత్రం. నా తప్పు తెలిసీ నన్ను విడిచిపెట్టని ఆయన కృపకు స్తోత్రం.

డెబ్భైల చివర, చిత్తూరు జిల్లాలో తెల్లదొరల కాలం నాటి ఒక కోర్టు మరమ్మతుకు నన్ను వర్క్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఎత్తయిన కమానులు, చుట్టూ వరండా, టేకు దూలాల మీద ఇటుకా సున్నమూ పరిచిన పైకప్పు. సాక్షుల బోను మీద కురుస్తున్న భాగాన్ని ఊడదీసి, పాత పద్ధతిలోనే మళ్ళీ వేయాలి.

ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయా బెల్లమూ నానిన నీళ్ళు చల్లుతూ, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టాలి. పాకాల నుంచి వచ్చిన ఒక నడివయసు ఆమె పాట ఎత్తేది. మిగతావాళ్ళు అందుకునేవారు. చెక్కలన్నీ ఒక్కసారే పడేవి.

గంగమ్మ పాటలు, మధ్యలో బావల మీద మోటు సరసాలు. సంఘంలో వాక్యం చెప్పే నేను నిలబడిన చోట అవేమిటని రెండో రోజే ఆపించాను.

"పాట లేకుంటే చెయ్యి యాడ పడాలో ఎట్ల తెలుస్తాది సారూ?" అంది ఆమె.

"కీర్తన నేర్పిస్తా, అది పాడండి."

"నీ కీర్తనకు నిద్దరొస్తాది గానీ సున్నం గట్టిపడదు. నువ్వే చెవుల్లో దూది పెట్టుకోరాదా?"

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. పాడేవాళ్ళు పనికి రావద్దన్నాను.

నాలుగు రోజులు పాట లేకుండా కొట్టారు. ఒక్కో చెక్కది ఒక్కో దారి. "ఈడ ఇంకా మెత్తగుండాది సారూ, ఇంకో రెండు దినాలు కొట్టాల" అని ఆమె చెప్పింది. తిరుపతిలో ప్రార్థన కూడికలకు వెళ్ళే తొందరలో ఉన్నాను. చాలు, పూత వేయమన్నాను.

మొదటి వానకే నీళ్ళు సాక్షుల బోనులో కారాయి. ఇంజనీరు ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, కొట్టినారా, కునికినారా?"

"ఈ సారునే అడగండి సామీ."

నేను ఆ తడిసిన బోను పక్కనే నిలబడి, "వీళ్ళకు పని మీద శ్రద్ధ లేదండీ" అన్నాను. ఆదివారం బడిలో పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించేది నేనే.

"దేవుని మాటలు చెప్పేవాడివి, నిజం చెప్తావనుకున్నా" అని, ఆమె చెక్కలు మూటగట్టుకుంది. ఆ గుంపును మళ్ళీ ఏ సర్కారు పనికీ పిలవలేదు. ఆ భాగాన్ని మళ్ళీ వేయడానికి వచ్చినవాళ్ళు పాడుతూనే కొట్టారు. నేను ఆపలేదు. కప్పు కురవలేదు.

పాకాల మీదుగా ఎన్నోసార్లు రైల్లో పోయాను, దిగలేదు. ఆమె ఉంటే ఆమె ముందు, లేకుంటే ఆమె పిల్లల ముందు, ఆ తప్పు నాదని చెప్పాలి. చదువుతున్న సహోదరులారా, ఒక్క క్షణం నాతో కలిసి తల వంచండి. ఈసారి ఆ స్టేషనులో దిగే ధైర్యం నాకిమ్మని ప్రార్థించండి.