కసిల్దా చేతికొచ్చిన లారీ

ఉదయం తొమ్మిదిన్నరకు సత్తూర్ బారులో శాండ్‌విచ్ తినేవాళ్ళలో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: మునిసిపాలిటీ వాళ్ళు వీధులు ఊడ్చే కసిల్దాకి లారీని తెచ్చి ఒళ్ళో పెట్టారట.

"చీపురు పట్టే మనిషి స్టీరింగ్ ఎప్పుడు పట్టింది? ఆడదైతే చాలని కాగితంలో రాసుకున్నారట," అంటాడు సత్తూర్ గ్లాసు తుడుస్తూ.

"నువ్వూ గౌను తొడుక్కుని వెళ్ళు, నీకూ ఒకటిస్తారేమో!" అంటాడు బల్ల దగ్గర ఒకడు.

అందరూ నవ్వుతారు. మూల బల్ల దగ్గర నూరియా తల వంచుకుని కాఫీ తాగుతుంది.

అమ్మ మంచాన పడ్డాక పదిహేనేళ్ళకే బడి మానేసిన పిల్ల నూరియా. రెండేళ్ళ కిందట వీధులు ఊడ్చే పనికి వచ్చిన మొదటిరోజు, కంపెనీ ఇచ్చిన గ్లౌజు ఒక్కదాంట్లోనే ఆమె రెండు చేతులూ పట్టేలా ఉంది. కసిల్దా తన పాత గ్లౌజులు ఇచ్చింది. "గాలికి ఎదురు ఊడవకు తల్లీ. సోరియా జిల్లా దుమ్మంతా నీ మొహానికే వస్తుంది," అంది.

సోరియా జిల్లాలోని ఆ పట్టణంలో నాలుగేళ్ళకోసారి శుభ్రత కాంట్రాక్టు చేతులు మారుతుంది. కంపెనీ మారినా మనుషులు మారరు, కోటు రంగే మారుతుంది. కసిల్దా ఆకుపచ్చ చూసింది, నారింజ చూసింది. ఏ రంగులోనైనా ఆడవాళ్ళకి చీపురు, మగవాళ్ళకి లారీ. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునేది మంచు కరగడానికి వీధుల్లో చల్లే ఉప్పు బస్తాల గదిలో.

కిందటేడు మునిసిపాలిటీలో ఔరెలియా అనే ఉద్యోగిని టెండరు కాగితంలో కొత్త షరతు చేర్చింది. ఆడవాళ్ళకి పని నేర్పి లారీల మీదికి ఎక్కించే కంపెనీకి, వాళ్ళకి సరైన గది కట్టించే కంపెనీకి ఎక్కువ మార్కులు. ఒప్పుకుని చేయకపోతే జరిమానా. ఇద్దరు ఆడవాళ్ళని డ్రైవర్లుగా పెడతామన్న కంపెనీ గెలిచింది. కోట్లు నీలం అయ్యాయి.

లారీ లైసెన్సున్న ఆడమనిషి కసిల్దా ఒక్కతే. వాళ్ళ నాన్న గోధుమల లారీ కోసం పడుచుతనంలో తీసుకుంది. కానీ రెండు సీట్లలో ఒకటి కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఉంచి, మొదటిదానికి మూడేళ్ళు నడిపినట్టు రుజువు కావాలంది కంపెనీ. లేకపోతే ఆ సీటు బయటి మనిషికి పోతుంది. కసిల్దాకి యాభై మూడు. మళ్ళీ కోటు రంగు మారేదాకా ఆగే వయసు కాదు.

రుజువు ఒకటుంది. డ్రైవర్ ఎలాదియో చూపు మందగించి తొమ్మిదేళ్ళయింది. మంచు కురిసిన తెల్లవారుజామున ఉప్పు లారీ డిపో గేటు దాటగానే అతను పక్కకి జరిగేవాడు, ఉప్పు చల్లడానికి వెంట వచ్చిన కసిల్దా స్టీరింగ్ ముందుకి వచ్చేది. రోజు చివర కాగితం మీద సంతకం మాత్రం ఎలాదియోదే. రెండు చలికాలాలుగా వాళ్ళిద్దరి పక్కన ఇరుక్కుని కూర్చున్న నూరియాకి ఈ సంగతి తెలుసు.

"చెప్పెయ్ కసిల్దా," అంది నూరియా.

"చెబితే ఆయన పింఛను ఏం గాను? రిటైరవడానికి ఇంకా ఏడు నెలలేగా. నాకు చీపురు అలవాటే."

నూరియా రెండు రోజులు ఎలాదియో పక్కనుంచే నడిచి, నోరు పెగలక వెనక్కి వచ్చింది. మూడోరోజు అతని ముందు కాఫీ పెట్టి, "గురువారం కంపెనీ వాళ్ళు అడుగుతారు. ఆవిడ చెప్పదు," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

గురువారం డిపో ఆఫీసులో ఔరెలియా, కంపెనీ మేనేజరు కూర్చున్నారు. తలుపు తెరిచే ఉంది. నూరియా బయట చీపుళ్ళు కడుగుతున్నట్టు నిలబడింది.

"కాగితం ఏదీ లేదా?" అన్నాడు మేనేజరు.

"లేదు," అంది కసిల్దా.

ఎలాదియో టోపీ తీసి లోపలికి నడిచాడు. "చలికాలం కాగితాలు తీయండి సార్. సంతకాలు నావి, నడిపింది ఈవిడ. మంచులో నాకు నా ముక్కే కనబడదు."

"నోరు ముయ్యి ఎలాదియో!" అంది కసిల్దా.

"తొమ్మిదేళ్ళు మూసుకున్నాగా, చాలదూ?"

మేనేజరు చలికాలం కాగితాల కట్ట విప్పాడు. ఔరెలియా నెమ్మదిగా అడిగింది: "ఆ తొమ్మిదేళ్ళలో ప్రమాదాలేమైనా?"

"గేటుకి ఓసారి గీత పడింది మేడమ్. అది నేను నడిపిన రోజు," అన్నాడు ఎలాదియో.

ఔరెలియా నవ్వు ఆపుకోలేకపోయింది. అయినా పరీక్ష పెట్టించింది. చర్చి పక్క ఏటవాలు వీధిలో కసిల్దా లారీని వెనక్కి ఎక్కించి చూపించింది. సీటు ఆమెకే వచ్చింది. ఎలాదియోకి హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, పదవీ విరమణ దాకా డిపోలోనే పని చెప్పారు. పింఛను జోలికి ఎవరూ పోలేదు. ప్రతి గురువారం అతని బల్ల మీద వేయించిన పందిమాంసం ముక్కల పొట్లం ఉంటుంది. ఎవరు పెట్టారని అతను అడగడు.

ఉప్పు గది పక్కన ఇప్పుడు ఆడవాళ్ళకో గది ఉంది. అందులో నూరియా పేరున్న కొక్కెం ఒకటి, దాని కింద ఆమె పాదాలకి సరిపోయే బూట్లు. మిగిలిన రెండో సీటు కోసం ఆమె వారానికి మూడు మధ్యాహ్నాలు లారీ నేర్చుకుంటోంది. ఔరెలియాకి థాంక్స్ చెప్పాలని రెండుసార్లు మునిసిపాలిటీ మెట్ల దాకా వెళ్ళింది. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలక, ఆ మెట్లు మాత్రం శుభ్రంగా ఊడ్చి వచ్చింది.

బారులో కబుర్లు ఆగలేదు. "స్టీరింగెప్పుడు పట్టిందంట?" అని సత్తూర్ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

తొమ్మిది చలికాలాలు సత్తూర్ బారు తలుపు తెరవకముందే, ఆ గుమ్మం ముందు మంచు మీద ఉప్పు చల్లి వెళ్ళిన లారీని నడిపింది కసిల్దానే.